బీరు సీసా, గ్లిజరిన్ దెయ్యం

బీరు సీసా మూత తీసి, మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, నీళ్ళ గ్లాసులో తలకిందులుగా ముంచే మనిషిని మీరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. వేలు తీయగానే సీసాలోంచి నూనెలాంటి సన్నటి చార ఒకటి మెలికలు తిరుగుతూ గ్లాసు అడుక్కి జారుతుంది. "చూశావా, అదే గ్లిజరిన్! ఇది పోయాక తాగితే తలనొప్పి రాదు" అంటాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతారు. వాళ్ళలో ఇంజనీర్లుంటారు, కెమిస్ట్రీ లెక్చరర్లూ ఉంటారు. దెయ్యాల్ని నమ్మని నా మిత్రులు కొందరు ఈ గ్లిజరిన్‌ని మాత్రం గట్టిగా నమ్ముతారు. అందుకే ఈ వ్యాసం.

నమ్మకం సారాంశం ఇదీ. శ్రీకాకుళంలో కొన్నా, గోవాలో కొన్నా, ఢిల్లీలో కొన్నా అదే సీసా, అదే రంగు, అదే రుచి. నెలల తరబడి అటక మీద ఉన్నా పాడవదు. మన కల్లు చూస్తే తెల్లారి తీసింది సాయంత్రానికి పులిసిపోతుంది. మరి ఇది అంతకాలం ఎలా నిలవుంటుంది? ఏదో కలుపుతున్నారు! ఆ 'ఏదో'కి ఎవరు పెట్టారోగానీ గ్లిజరిన్ అని పేరు పెట్టారు. ఫారిన్ బీరులో అది ఉండదని, మనవాళ్ళకి మాత్రమే కలుపుతారని ఒక అనుబంధ నమ్మకం కూడా ఉంది.

మా సంఘం నెలవారీ సమావేశం అయ్యాక (సమావేశంలో కాదు, అయ్యాక!) ఈ సంగతి తేల్చేద్దామని కూర్చున్నాం. మూడు సీసాలు పెట్టాం. ఒకటి అందరికీ తెలిసిన మన కింగ్‌ఫిషర్. రెండోది విదేశంలో తయారై దిగుమతయిన లాగర్. మూడోది కడిగిన ఖాళీ సీసాలో టీ డికాక్షన్‌తో రంగు వేసిన పంచదార నీళ్ళు. మూడింటినీ ఒకేలాంటి గ్లాసుల్లో తలకిందులు చేశాం. మూడింటి లోంచీ అదే చార, అదే మెలికలు. విషయం సులువైనదే. బీరులో పులియకుండా మిగిలిన పిండి చక్కెరలూ ప్రొటీన్లూ ఉంటాయి కాబట్టి, ఆల్కహాల్ నీటికన్నా తేలికైనా కూడా, మొత్తం మీద మామూలు లాగర్ నీటికంటే కాస్త బరువుగా ఉంటుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే ఇది సుమారు 1.008, 1.010 దగ్గర. పైగా ఫ్రిజ్‌లోంచి తీసింది. బరువైనది కిందికి దిగుతుంది, తేలికైన నీళ్ళు సీసాలోకి ఎక్కుతాయి. రెండు ద్రవాలు కలిసేచోట వెలుతురు వంగుతుంది కాబట్టి కంటికి నూనెలా కనిపిస్తుంది. అసలు గ్లిజరిన్ నీటిలోనూ ఆల్కహాల్‌లోనూ పూర్తిగా కరిగిపోయే పదార్థం. టీలో కరిగిన పంచదారని కప్పు తలకిందులు చేసి వేరుచేయగలిగితే బీరులోంచి గ్లిజరిన్‌నీ వేరుచేయవచ్చు. ఇంకో తమాషా, ఈస్ట్ చక్కెరని తినేటప్పుడు కొద్దిగా గ్లిజరాల్‌ని తనంతట తానే తయారుచేస్తుంది. లీటరుకి ఒకటి రెండు గ్రాములు ప్రపంచంలో ప్రతి బీరులోనూ ఉంటుంది. మరి తలనొప్పి తగ్గడం? సీసాలో సగం బీరు పోయి సగం నీళ్ళు చేరితే తలనొప్పి తగ్గక ఏమవుతుంది!

ఇంత చేశాక మా గ్లిజరిన్ మిత్రుడు దిగుమతి సీసా వైపు విచారంగా చూసి, "అయితే వాళ్ళు కూడా కలపడం మొదలుపెట్టారన్నమాట" అన్నాడు.

సరే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న మాత్రం మంచిదే. ఎక్కడ కొన్నా ఒకేలా ఎలా ఉంటుంది? ఎందుకు పాడవదు? దీనికి జవాబు రసాయనం డబ్బాలో లేదు, చరిత్రలో ఉంది. ఆ చరిత్ర హేతువాదులు తెలుసుకోదగ్గది.

పులియడం అనేది మనిషికి వేల ఏళ్ళుగా తెలుసు, ఎందుకు పులుస్తుందో మాత్రం నిన్నమొన్నటిదాకా తెలీదు. మన పురాణాల్లో సముద్ర మథనంలోంచి వారుణి పుట్టుకొచ్చింది. ఋగ్వేదం సోమాన్ని ఆకాశానికెత్తి సురని పాపకారణాల్లో చేర్చింది. కౌటిల్యుడు కాస్త నయం, ఆయనకి దేవతలతో పనిలేదు, పన్నుతో పని. అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడని ఒక అధికారిని పెట్టి, మద్యం ఎలా తయారుచేయాలో, ఎక్కడ అమ్మాలో రాశాడు. మినుములూ బియ్యంతో చేసే 'కిణ్వం' అనే పులుపుముద్ద గురించి అందులో ఉంది. మన సైన్సు పుస్తకాల్లో 'కిణ్వనం' అన్న మాట అక్కణ్ణించి వచ్చిందే. ఇంగ్లండులో 15వ శతాబ్దంలో నార్విచ్ బీరు తయారీదార్లు ఆ నురగముద్దని 'గాడ్ ఈజ్ గుడ్' అనేవాళ్ళు. దేవుడు మంచివాడు! ఎలా పనిచేస్తుందో తెలీని ప్రతిదానికీ దేవుడి పేరు పెట్టడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేవీ ఉండకూడదని శాసనం చేశారు. ఈస్ట్ పేరు అందులో లేదు.

మన ఇడ్లీ పిండి సంగతి చూడండి. ఎండాకాలంలో రాత్రికి రాత్రి పొంగిపోతుంది, పుష్యమాసంలో పొద్దున లేచి చూస్తే రాయిలా ఉంటుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో పులుపు. గాలిలోనూ పప్పులోనూ చేతుల మీదా ఉన్న రకరకాల సూక్ష్మజీవులు చేసే పని కాబట్టి అలా ఉంటుంది. ఒకప్పుడు బీరూ అంతే. 1838లో బొహీమియాలోని పిల్సెన్ పట్నంలో 36 పీపాల బీరు తాగడానికి పనికిరాకుండా పోతే జనం చూస్తుండగా టౌన్‌హాలు ముందు పారబోశారు. పట్నంవాళ్ళకి విసుగొచ్చి కొత్త బ్రూవరీ కట్టుకున్నారు, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే ఆయన్ని తెచ్చుకున్నారు. 1842లో ఆయన చేసిన బంగారు రంగు బీరే ఈనాడు ప్రపంచంలో అమ్ముడయ్యే లాగర్లలో చాలావాటికి తాత. 'లాగర్' అంటే జర్మన్ భాషలో నిలవ ఉంచడం. పది డిగ్రీల చల్లదనం దగ్గర నెమ్మదిగా పులియబెట్టి, తర్వాత దాదాపు గడ్డకట్టే చలిలో వారాల తరబడి ఉంచుతారు. ఆ చలిలో తక్కిన సూక్ష్మజీవులు మందగిస్తాయి, లాగర్ ఈస్ట్ మాత్రం పనిచేసి అడుక్కి చేరుతుంది. గ్రోల్‌కి ఈ కారణం తెలీదు, పద్ధతి మాత్రమే తెలుసు.

కారణం మీద అప్పటికే పెద్ద యుద్ధం నడుస్తోంది. 1837 ప్రాంతంలో కన్యార్ ద లాతూర్, ష్వాన్, క్యుట్సింగ్ అనే ముగ్గురు ఎవరికి వారు మైక్రోస్కోపులో చూసి ఈస్ట్ ప్రాణమున్నదని చెప్పారు. ఆ రోజుల్లో రసాయనశాస్త్రానికి చక్రవర్తిలాంటి లీబిగ్‌కి ఇది మింగుడుపడలేదు. 1839లో ఆయన పత్రికలో పేరు లేకుండా ఒక వెటకారపు వ్యాసం వచ్చింది. అందులో ఈస్ట్ అంటే చిన్న చిన్న జంతువులట, బట్టీ పాత్ర ఆకారంలో ఉంటాయట, చక్కెర తింటాయట, ఒకవైపు నుంచి ఆల్కహాల్, మరోవైపు నుంచి గ్యాసు వదులుతాయట! రాసింది ఆయనా, ఆయన మిత్రుడు వోలర్. ఎగతాళి కోసం రాసిన ఆ బొమ్మే తర్వాత నిజానికి చాలా దగ్గరగా తేలింది. ప్రాణమున్న ఈస్టే పులియబెడుతుందని, పాడవడానికి వేరే జీవులు కారణమని పాశ్చర్ చూపించాడు, 1876లో బీరు మీద ఏకంగా పుస్తకమే వేశాడు. ఆయనకి బీరంటే పెద్దగా ఇష్టం లేదు, 1870 యుద్ధంలో ఫ్రాన్సుని ఓడించిన జర్మనీని బీరులోనైనా ఓడించాలన్న పంతం. అయితే కథ అక్కడ ముగిస్తే లీబిగ్‌కి అన్యాయం చేసినట్టే. 1897లో బుక్నర్ ఈస్ట్ కణాల్ని నూరి పిండిన రసంతో కూడా చక్కెర పులుస్తుందని చూపించాడు. అంటే ప్రాణం దానికదే మంత్రం కాదు, లోపలున్న ఎంజైములు చేసే రసాయనమే. దానికి 1907లో నోబెల్ ఇచ్చారు. పెద్దవాడు చెప్పాడని ఎవరూ ఊరుకోలేదు, ఓడినవాడి వాదనలో ఉన్న నిజాన్ని పారేయనూ లేదు. ఇలాంటి చర్చ మన పీఠాధిపతుల మధ్య ఒక్కటి చూపించండి.

ఇక డెన్మార్క్. 1845లో యాకబ్సెన్ అనే బీరు వ్యాపారి మ్యూనిక్ వెళ్ళి, అక్కడి స్పాటన్ బ్రూవరీ నుంచి రెండు డబ్బాల ఈస్ట్ తెచ్చుకున్నాడు. గుర్రబ్బండి ఆగిన ప్రతిచోటా డబ్బాల మీద చన్నీళ్ళు పోసుకుంటూ కోపెన్‌హాగెన్ చేరాడు. రెండేళ్ళకి కార్ల్స్‌బర్గ్ పెట్టాడు, 1875లో దానికో ప్రయోగశాల కట్టాడు. అక్కడ పనిచేసిన ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ పాడయిన బీరుని పరీక్షించి, మంచి ఈస్ట్‌లో అడవి ఈస్ట్‌లు కలవడమే జబ్బుకి మూలమని పట్టుకున్నాడు. ఒకే ఒక్క కణాన్ని వేరుచేసి, దాని సంతానాన్ని మాత్రమే పెంచాడు. 1883 నవంబరులో ఆ శుద్ధమైన ఈస్ట్‌తో బీరు చేశారు. మా మిత్రుడి ప్రశ్నకి అసలు జవాబు ఇదే. ఎక్కడ కొన్నా ఒకేలా ఉండటానికి కారణం, ప్రతి బ్రూవరీలో ఎంచి పెంచిన ఒకే కణం సంతతి పనిచేయడం. దీనికి లిండె కనిపెట్టిన శీతల యంత్రం (ఇదీ 1870లలో మ్యూనిక్ బ్రూవరీ కోసం చేసిందే), సీసాలో నింపాక 60 డిగ్రీల దగ్గర కాసేపు వేడిచేసే పాశ్చర్ పద్ధతి, హాప్స్‌లోని చేదు, ఆల్కహాల్, పులుపు, గ్యాసు తోడయ్యాయి. నిలవ ఉండటానికి ఇవి చాలు.

యాకబ్సెన్ చేసిన ఇంకో పని నాకు మరీ నచ్చింది. తన ప్రయోగశాలలో తేలిన ఏ ఫలితాన్నీ దాచకూడదని నియమం పెట్టాడు. హాన్సెన్ పద్ధతిని ప్రచురించారు, ఈస్ట్‌ని పోటీదార్లకి కూడా ఇచ్చారు. ఇదే ప్రయోగశాలలో కెల్డాల్ నత్రజని కొలిచే పద్ధతి, సోరెన్సెన్ పీహెచ్ కొలత పుట్టాయి. ఈనాటికీ మన పాలల్లో ప్రొటీన్ ఎంతో తేల్చడానికి వాడేది కెల్డాల్ పద్ధతే. ఇప్పుడు హైదరాబాదుకి రండి. మృగశిర కార్తెనాడు ఉబ్బసం తగ్గుతుందని బతికున్న చేపని మింగించే బత్తిని వారి కుటుంబం, ఆ మందు రహస్యం తమ పూర్వీకుడికి 1845లో ఒక సాధువు చెప్పాడంటుంది. అదే సంవత్సరం! నూట ఎనభయ్యేళ్ళలో ఒక రహస్యం రహస్యంగానే ఉండిపోయి, జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు నిలదీశాక 'మందు' కాస్తా 'ప్రసాదం' అయింది. ఇంకో డబ్బా తెరిచిపెట్టినందుకు నోబెల్ దాకా వెళ్ళే శాస్త్రం పెరిగింది. లాగర్ ఈస్ట్ అసలు రెండు జాతుల సంకరమని, అందులో రెండోదాన్ని పోలిన అడవి ఈస్ట్ పటగోనియా బీచ్ చెట్ల మీద దొరికిందని 2011లో తేలింది. అంటే పరిశోధన ఇంకా ఆగలేదు.

మన దేశానికి బీరు తెల్లవాళ్ళతో వచ్చింది. మొదట్లో ఇంగ్లండు నుంచి నెలల ప్రయాణం చేసి వచ్చే పేల్ ఏల్. తర్వాత చల్లగా ఉండే కొండల మీద బ్రూవరీలు పెట్టారు. కసౌలీ, సోలన్, మర్రీ, నీలగిరులు. మైదానంలో, మన రోహిణి కార్తె ఎండలో, యంత్రం లేకుండా లాగర్ చేయడం అసాధ్యం కదా. ఆ కొండ బ్రూవరీల స్థాపకుల్లో ఎడ్వర్డ్ డయ్యర్ ఒకరు. 1864లో మర్రీలో పుట్టిన ఆయన కొడుకే జలియన్‌వాలా బాగ్ డయ్యర్. మర్రీ బ్రూవరీ నేటికీ పాకిస్తాన్‌లో నడుస్తోంది. 1977లో అక్కడ ముస్లింలకి మద్యం నిషేధించాక కూడా, ముస్లిమేతరుల పేరుతో. మతం, చట్టం, దాహం ముగ్గురూ ఎలా సర్దుకుంటారో చూడాలంటే అంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

దక్షిణాదిలో 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండువాడు అయిదు చిన్న బ్రూవరీల్ని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ చేశాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే విఠల్ మల్య షేర్లు కొని దాని బోర్డులోకి వెళ్ళాడు. ఉత్తరాన సోలన్ కంపెనీ మోహన్ కుటుంబం చేతికొచ్చింది, వాళ్ళ గోల్డెన్ ఈగిల్ చాలాకాలం ముందుంది. 1978లో విఠల్ కొడుకు విజయ్ మల్య కింగ్‌ఫిషర్ పేరుని కొత్తగా మార్కెట్లోకి దించాడు. తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. మద్యం ప్రకటనలు టీవీలో నిషేధమైతే అదే పేరుతో మంచినీళ్ళు, క్యాలెండరు, 2005లో ఏకంగా విమానాలు! 2012 అక్టోబరుకి విమానాలు ఆగిపోయాయి. ఉద్యోగులు జీతాల కోసం రోడ్డెక్కి ఉన్న ఆ డిసెంబరులోనే ఆయన పుట్టినరోజుకి తిరుమల వెంకన్నకి 3 కిలోల బంగారం సమర్పించాడు. 2016 మార్చిలో దేశం వదిలాడు. బీరు మాత్రం ఏ ఆటంకమూ లేకుండా అదే రుచితో వస్తూనే ఉంది. 2021లో కంపెనీ పగ్గాలు హైనెకెన్ చేతికి వెళ్ళినప్పుడూ రుచి మారలేదు. యజమాని భక్తితో ఈస్ట్‌కి సంబంధం లేదు మరి.

ఈ నమ్మకత్వం విలువ తెలియాలంటే అది లేనిచోటికి వెళ్ళాలి. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చచ్చిపోయారు. 2025 జులైలో మన కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు కొందరి ప్రాణాలు తీసింది. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్‌ప్రజోలమ్ కలపడం తెలంగాణలో ఏళ్ళ తరబడి సాగుతున్న దారుణం. అలవాటుపడ్డవాడికి ఒక్కసారిగా అది ఆపితే మతి చెడి ఆసుపత్రి పాలవుతాడు. గ్లిజరిన్ కోసం సీసాలు తలకిందులు చేసే మన చదువుకున్నవాళ్ళు ఈ అసలు కల్తీ గురించి మాట్లాడరు, ఎందుకంటే అది తాగేది కూలివాళ్ళు. 'వారుణి వాహిని' అని దేవత పేరు పెట్టి ప్రభుత్వమే సారా ప్యాకెట్లు ఊళ్ళోకి పంపిన రోజులూ ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమెతో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు ఎదురుతిరిగింది ఆ ప్యాకెట్ల మీదే. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మద్యం మొత్తం పోయింది, 1997లో మద్యం తిరిగి వచ్చింది, సారా మాత్రం అధికారికంగా రాలేదు. ఆ ఉద్యమం ఊరికే నీతి మాట్లాడలేదు. కూలి డబ్బు ఇంటికి చేరుతోందా లేదా అన్న లెక్క అడిగింది.

2019 నుంచి అయిదేళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. తెలిసిన పేర్లు అరుదై 'బూమ్ బూమ్' లాంటి వినని పేర్లు వచ్చాయి. ప్రతిపక్షం విషమంది, ప్రభుత్వం కాదంది. తాగేవాడు వాసన చూసి, లేబులు చూసి, చివరికి పక్కవాడు బతికే ఉన్నాడా అని చూసి తేల్చుకోవాల్సిన పరిస్థితి. 2024 ఎన్నికల్లో 'నాణ్యమైన మద్యం' ఒక వాగ్దానమయింది. ఈ మాట విని నవ్వినవాళ్ళు చాలామంది. నేను నవ్వలేదు. చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకునే హక్కు తాగేవాడికీ ఉంటుంది. 2025 జనవరిలో ధరల పేచీతో కంపెనీ తెలంగాణకి సరఫరా ఆపినప్పుడు వచ్చిన గగ్గోలు గుర్తుందా? కొద్దిరోజుల్లోనే మళ్ళీ మొదలుపెట్టారు.

అయితే నమ్మకమైన సీసా అంటే మంచి సీసా అనుకునే ప్రమాదం కూడా ఉంది. 'బీరు చలవ' అంటారు. చలవా లేదు, పాడూ లేదు. ఆల్కహాల్ ఒంట్లో నీటిని బయటికి తోస్తుంది, ఎండలో అది మరీ చేటు. 'కిడ్నీలో రాళ్ళు కరుగుతాయి' అంటారు. కరగవు. చిన్న రాళ్ళు చాలావరకు వాటంతటవే పోతాయి, ఆ రోజు తాగిన బీరుకి పేరొస్తుంది. దర్గాలకీ తాయెత్తులకీ పేరొచ్చేది ఈ దారినే. యూరిక్ ఆమ్లపు రాళ్ళున్నవాళ్ళకి బీరు ఇంకా హాని. డాక్టర్లు తాగమనేది నీళ్ళు. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో ఉన్నది ఈస్ట్ చేసిన స్వచ్ఛమైన ఆల్కహాలే, దానికి ఏ కల్తీ అక్కర్లేదు. పైగా మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం స్ట్రాంగే. మన పన్నులు చాలాచోట్ల ఆల్కహాల్ శాతాన్ని బట్టి కాక సీసాని బట్టి ఉంటాయి కాబట్టి, అదే డబ్బుకి ఎక్కువ మత్తునిచ్చేదాన్ని మనిషి ఎంచుకుంటాడు. గ్రోల్ చేసిన తేలికపాటి లాగర్‌కీ, మన 8 శాతం సీసాకీ చుట్టరికం అంతంతమాత్రం.

ఇక కంపెనీలు నిజంగా చేసిన మోసం గ్లిజరిన్ కాదు. 2021 సెప్టెంబరులో కాంపిటీషన్ కమిషన్, బీరు కంపెనీలు ఏళ్ళ తరబడి కూడబలుక్కుని ధరలు పెట్టాయని తేల్చి 873 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అందులో పెద్ద వాటా యునైటెడ్ బ్రూవరీస్‌ది, మిగతాదాంట్లో చాలావరకు కార్ల్స్‌బర్గ్ ఇండియాది. అవును, దేన్నీ దాచకూడదన్న యాకబ్సెన్ కంపెనీ పేరే. ఈ ధరల సంగతి గ్లాసులో సీసా తలకిందులు చేస్తే బయటపడేది కాదు. ఉత్తరాలూ ఈమెయిళ్ళూ పట్టుకుని చదివితే బయటపడింది.